నెమ్మదిగా పరుగెత్తండి.. నిలకడగా ఉండండి!

రక్తపరీక్షల రిపోర్టు చేతికొచ్చిన రోజున చాలామంది చేసే మొదటి పని బూట్లు కొనుక్కోవటం. 'రేపట్నుంచి పొద్దున్నే పరుగే' అని ఇంట్లో గట్టిగా చెప్పేస్తారు. మొదటి రోజు కాలనీ పార్కులో కుర్రాళ్లతో సమానంగా రెండు రౌండ్లు పరుగెత్తి, ఆయాసంతో బెంచీ మీద కూలబడతారు. రెండో రోజు తొడలు పట్టేస్తాయి. మూడో వారానికి మోకాలి నొప్పో, మడమ నొప్పో మొదలవుతుంది. బూట్లు అరలోకి వెళ్లిపోతాయి. 'పరుగు నా ఒంటికి సరిపడదు డాక్టర్ గారూ' అన్న మాట మాత్రం మిగులుతుంది. మా ప్రభుత్వాసుపత్రి ఓపీలో ఈ మాట తరచూ వింటుంటాం.

నిజానికి సరిపడనిది పరుగు కాదు, వేగం. ఏళ్ల తరబడి కుర్చీకి అలవాటుపడిన ఒంటిని ఒక్కరోజులో పరుగు పందెంలోకి దింపితే అది మొరాయించటం సహజం. అదే ఒంటిని నెలల తరబడి మచ్చిక చేసుకుంటూ, పక్కవారితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరుగెత్తిస్తే యాభైల్లోనూ చక్కగా మాట వింటుంది. అయితే పొద్దున అరగంట పరుగెత్తి, మిగతా రోజంతా పాత పద్ధతిలోనే గడిపితే దక్కాల్సిన ఫలితంలో సగం చేజారిపోతుంది. కాబట్టి పరుగు గురించీ, పరుగు తర్వాతి రోజు గురించీ కలిపే చెప్పుకుందాం.

ముందు నడుం కొలవండి

ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో జరిగిన 'ఇండియాబ్' అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహులు ఉన్నారనీ, మరో 13 కోట్ల మందికి పైగా మధుమేహం ముంగిట్లో ఉన్నారనీ అది అంచనా వేసింది. పెద్దల్లో నూటికి 35 మందికి అధిక రక్తపోటు. దాదాపు 40 మందికి పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువ.

ఈ చివరి అంకె మనకు చాలా ముఖ్యం. మనవాళ్లలో చాలామందికి కాళ్లూ చేతులూ సన్నగానే ఉంటాయి. పొట్ట మాత్రం ముందుకొస్తుంది. 'నేనేం లావుగా లేనుగా' అని ధీమాగా ఉంటారు. కానీ కాలేయం, పేగుల చుట్టూ పేరుకునే కొవ్వే ఇన్సులిన్ పనికి అడ్డుపడేది. రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లు పెరగటంలోనూ దాని పాత్ర ఉంది. అందుకే మనకు బీఎంఐ 23 చేరితేనే బరువు ఎక్కువున్నట్టు లెక్క. నడుం చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

ప్యాంటు సైజును నమ్ముకోకండి. ప్యాంటును పొట్ట కిందికి జార్చి వేసుకుంటాం కాబట్టి అది అసలు సంగతి చెప్పదు. ఊపిరి మామూలుగా వదిలి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో టేపు పెట్టి కొలవండి. ఇంట్లో పెద్దవాళ్లంతా కొలుచుకుని క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి. మూడు నెలల తర్వాత బరువుకన్నా ఈ అంకెే ఎక్కువ విషయం చెబుతుంది.

ముంగిట్లో ఉన్నవారు వెనక్కి మళ్లగలరా? మళ్లగలరు. అమెరికాలో 2002లో ప్రచురితమైన పెద్ద అధ్యయనంలో వారానికి 150 నిమిషాల వ్యాయామం, కాస్త బరువు తగ్గటం అనే రెండింటితో మధుమేహం వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. అదే మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 31 శాతమే. చెన్నైలో మనవారి మీద చేసి, 2006లో ప్రచురించిన అధ్యయనంలోనూ జీవనశైలి మార్పులతో ముప్పు 28 శాతానికి పైగా తగ్గింది. అక్కడ వాటి ఫలితం మాత్ర ఇచ్చిన ఫలితానికి ఏమాత్రం తీసిపోలేదు.

పరుగెత్తితే ఒంట్లో ఏం జరుగుతుంది?

మనం తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలోకి వస్తుంది. అది కండరంలోకి వెళ్లాలంటే మామూలుగా ఇన్సులిన్ తలుపు తియ్యాలి. ఇన్సులిన్ సరిగా పనిచేయనివారిలో ఈ తలుపు మొండికేస్తుంది. కండరం గట్టిగా పనిచేస్తున్నప్పుడు మాత్రం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండా తనే గ్లూకోజును లోపలికి లాక్కుంటుంది. పరుగు ఆపాక కూడా ఒకటి రెండు రోజుల పాటు ఇన్సులిన్ మాట బాగా వింటుంది. వ్యాయామానికి వరుసగా రెండు రోజులకు మించి విరామం ఇవ్వొద్దని చెప్పేది ఇందుకే. ఆదివారం ఒక్కరోజే పది కిలోమీటర్లు పరుగెత్తటం కన్నా, రోజు విడిచి రోజు రెండు మూడు కిలోమీటర్లు పరుగెత్తటం మేలు.

క్రమం తప్పని వ్యాయామంతో గుండె ఒక్కో స్పందనలో ఎక్కువ రక్తాన్ని పంపటం నేర్చుకుంటుంది. విశ్రాంతిలో ఉన్నప్పుడు నాడి వేగం తగ్గుతుంది. రక్తనాళాల గోడలు మెత్తబడతాయి. బీపీ ఉన్నవారిలో పై అంకె సుమారు 5 నుంచి 8 పాయింట్ల వరకూ తగ్గుతుంది. నిద్ర బాగా పడుతుంది. చిరాకు తగ్గుతుంది. ఈ చివరి మార్పును ముందుగా గుర్తించేది ఇంట్లోవాళ్లే!

శరీర శ్రమకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని ప్రపంచానికి స్పష్టంగా చూపించింది ఒక బస్సు కథ. లండన్‌లోని డబుల్ డెకర్ బస్సు సిబ్బందిని డాక్టర్ జెరెమీ మోరిస్ బృందం పరిశీలించి, 1953లో ఫలితాలు ప్రచురించింది. ఒకే బస్సు, ఒకే రూటు. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్ల కోసం మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉంటాడు. డ్రైవర్ల కన్నా కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. వచ్చినవారిలోనూ తీవ్రత తక్కువే. ఆ తర్వాత మోరిస్ తనూ క్రమం తప్పకుండా వ్యాయామం చేస్తూ 99 ఏళ్లు బతికారు.

మరి ఎంత పరుగెత్తాలి? అమెరికాలో 55 వేల మందిని సగటున 15 ఏళ్ల పాటు గమనించి 2014లో ప్రచురించిన అధ్యయనం మనకు మంచి కబురే చెప్పింది. రోజుకు 5 నుంచి 10 నిమిషాలు, అదీ గంటకు 10 కిలోమీటర్ల లోపు వేగంతో పరుగెత్తినవారిలో కూడా గుండెజబ్బు మరణాలు అసలు పరుగెత్తనివారి కన్నా బాగా తక్కువగా ఉన్నాయి. ఇలాంటి అధ్యయనం పరుగే కారణమని పూర్తిగా రుజువు చేయలేదు. పరుగెత్తేవారిలో ఇతర మంచి అలవాట్లూ ఉండొచ్చు. కానీ 'మారథాన్ చేస్తేనే లాభం' అన్న అపోహను మాత్రం తుడిచేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల చురుకైన నడక, లేదా 75 నుంచి 150 నిమిషాల పరుగు వంటి గట్టి వ్యాయామం. అంటే వారానికి మూడు రోజులు, రోజుకు 25 నిమిషాల నెమ్మది పరుగు సరిపోతుందన్నమాట.

'పరుగెత్తుతూ కుప్పకూలాడట..' అన్న భయం

వ్యాయామం చేస్తూ ఎవరో గుండెపోటుతో పోయారన్న వార్త వచ్చినప్పుడల్లా ఎన్నో ఇళ్లలో బూట్లు మూలన పడతాయి. ఈ భయాన్ని కొట్టిపారేయక్కర్లేదు, అర్థం చేసుకోవాలి. ఇలాంటి సంఘటనల్లో చాలావాటిలో గుండె రక్తనాళంలో పూడిక అప్పటికే ఉంటుంది. నలభై దాటినవారిలో ఇదే ఎక్కువ. అలవాటు లేని తీవ్ర శ్రమ చేసినప్పుడు ఆ పూడిక చిట్లి, మీద రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోవచ్చు.

అమెరికాలో గుండెపోటు వచ్చిన 1,200 మందికి పైగా రోగులను ప్రశ్నించి 1993లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎప్పుడూ వ్యాయామం చేయనివారు ఉన్నట్టుండి తీవ్ర శ్రమ చేస్తే, ఆ గంటలో గుండెపోటు ముప్పు మామూలు కన్నా వంద రెట్లకు పైగా పెరిగింది. వారానికి ఐదు రోజులో అంతకన్నా ఎక్కువో వ్యాయామం చేసేవారిలో మాత్రం ఇది రెండున్నర రెట్లలోపే. వంద రెట్లు అనగానే కంగారు పడొద్దు. ఏ ఒక్క గంటలోనైనా గుండెపోటు వచ్చే అవకాశం మొదట్లోనే చాలా చాలా తక్కువ. దీన్నిబట్టి గ్రహించాల్సింది ఒక్కటే. ప్రమాదం పరుగులో కన్నా 'ఉన్నట్టుండి' అన్న మాటలోనే ఎక్కువగా ఉంది. అలవాటు చేసుకునేకొద్దీ రక్షణ పెరుగుతుంది.

మొదలుపెట్టేముందు..

* 30 ఏళ్లు దాటినవారంతా బీపీ, షుగర్ చూపించుకోవాలి. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, పట్టణ ఆరోగ్య కేంద్రం, బస్తీ దవాఖానాల్లో ఈ పరీక్షలు ఉచితంగానే చేస్తారు.
* నలభై దాటినవారు, మధుమేహం, బీపీ, అధిక కొలెస్ట్రాల్, పొగతాగే అలవాటు ఉన్నవారు, ఇంట్లో చిన్న వయసులోనే ఎవరికైనా గుండెపోటు వచ్చి ఉన్నవారు పరుగు ప్రారంభించేముందు డాక్టరును కలవాలి. అవసరాన్ని బట్టి ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్షలు చేయిస్తారు.
* ఈసీజీ బాగుందంటే పూడికలు అసలే లేవని కాదు. విశ్రాంతిలో తీసే ఈసీజీ చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. మెట్లెక్కితే ఛాతీ బరువెక్కటం, దవడలోకో ఎడమచేతిలోకో నొప్పి పాకటం, మునుపు లేని ఆయాసం రావటం ఉంటే ఈసీజీ బాగున్నా ఆ విషయం డాక్టరుకు చెప్పి తీరాలి.
* బీపీ 180/110, ఆ పైన ఉంటే పరుగు వద్దు. ముందు మందులతో అదుపులోకి తెచ్చుకోవాలి.
* ఆడవారు హిమోగ్లోబిన్ కూడా చూపించుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువగా ఉంటే నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. దాన్ని 'అలవాటు లేకపోవటం' అనుకుని సరిపెట్టుకోకూడదు.

పన్నెండు వారాల బాట

ఈ క్రమం ఆరోగ్యంగా ఉండి, ఇప్పటివరకూ వ్యాయామం చేయనివారి కోసం. పరుగు రోజు విడిచి రోజు, వారానికి మూడు రోజులు. మిగతా రోజుల్లో మామూలు నడక. పరుగుకు ముందు ఐదారు నిమిషాలు, తర్వాత మరో ఐదు నిమిషాలు నడవాలి.

* 1, 2 వారాలు: పరుగు అసలే లేదు. వారానికి ఐదు రోజులు, రోజుకు 30 నిమిషాల చురుకైన నడక.
* 3, 4 వారాలు: 1 నిమిషం పరుగు, 2 నిమిషాల నడక. ఇలా 8 సార్లు.
* 5, 6 వారాలు: 2 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక. 6 సార్లు.
* 7, 8 వారాలు: 3 నిమిషాల పరుగు, 1 నిమిషం నడక. 6 సార్లు.
* 9, 10 వారాలు: 5 నిమిషాల పరుగు, 1 నిమిషం నడక. 4 సార్లు.
* 11, 12 వారాలు: 8 నుంచి 10 నిమిషాల పరుగు, 1 నిమిషం నడక. 2 నుంచి 3 సార్లు.

ఏదైనా వారం కష్టంగా అనిపిస్తే తర్వాతి మెట్టు ఎక్కకుండా అదే వారాన్ని మళ్లీ చేయండి. పన్నెండు వారాలు కాస్తా ఇరవై వారాలైనా నష్టం లేదు. మధ్యలో నడవటం ఓటమి కాదు. కండరాలకూ, కీళ్లను పట్టి ఉంచే తంతువులకూ అదే ఊపిరి. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే పరుగుకు అలవాటుపడతాయి. ఎముకలకూ, తంతువులకూ అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. 'నాకేం ఆయాసం లేదే' అని రెండో నెలలో దూరం పెంచేసినవారికి నొప్పులు వచ్చేది ఇందుకే.

వేగం సరిగా ఉందో లేదో తెలుసుకోవటానికి ఖరీదైన వాచీ అక్కర్లేదు. పక్కవారితో రెండు మూడు వాక్యాలు ఆగకుండా మాట్లాడగలుగుతున్నారా? సరైన వేగమే. ముక్కలు ముక్కలుగా ఒక్కో మాటే వస్తోందా? తగ్గించండి. పాట పాడగలుగుతున్నారా? కాస్త పెంచొచ్చు. చురుగ్గా నడిచేవారు మిమ్మల్ని దాటి వెళ్లిపోయినా సిగ్గుపడొద్దు.

మోకాళ్లు అరిగిపోతాయా?

'పరుగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయి' అన్నది మనలో బాగా పాతుకుపోయిన నమ్మకం. ఎన్నో అధ్యయనాలను క్రోడీకరించి 2017లో ప్రచురించిన సమీక్షలో, సరదాగా ఆరోగ్యం కోసం పరుగెత్తేవారిలో మోకాలు, తుంటి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందిలో కనిపించింది. పరుగెత్తకుండా కూర్చునేవారిలో ఇది 10 శాతానికి పైగా ఉంది. పోటీల కోసం తీవ్రంగా సాధన చేసేవారిలో 13 శాతానికి పైనే. అంటే ఇక్కడా మితమే మందు.

అయితే ఇప్పటికే మోకాలు వాచి, అరిగినవారూ, బరువు చాలా ఎక్కువున్నవారూ పరుగుతో మొదలుపెట్టొద్దు. నడక, సైకిలు, ఈతతో బరువు తగ్గించుకుని, తొడ కండరాలను బలపరచుకోవాలి. వారికి చురుకైన నడక శాశ్వతంగా మిగిలినా లోటేమీ లేదు.

మిగతావారంతా వారానికి రెండు రోజులు, రోజుకు పది నిమిషాలు కండరాల బలం కోసం కేటాయించాలి. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పది పదిహేను సార్లు లేచి కూర్చోవటం, గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవటం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం పైకెత్తటం, గోడకు చేతులానించి దండీలు తీయటం చాలు. వీటికి జిమ్ అవసరం లేదు.

బూట్లు బ్రాండు పేరు చూసి కాదు, కాలికి హాయిగా ఉన్నాయో లేదో చూసి కొనండి. సాయంత్రం పూట కాళ్లు కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి అప్పుడు కొనటం మంచిది. బొటనవేలి ముందు వేలెడు వెడల్పు ఖాళీ ఉండాలి. సిమెంటు రోడ్డు కన్నా మట్టి బాట, స్టేడియం మైదానం మేలు. విశాఖ బీచ్ రోడ్డు, హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు లేనివారికి ఊళ్లోని హైస్కూలు మైదానం ఉండనే ఉంది. రోడ్డు మీదే పరుగెత్తాల్సి వస్తే కుడివైపున, ఎదురొచ్చే వాహనాలు కనిపించేలా వెళ్లండి. వీధి కుక్కలు వెంటపడితే పరుగు ఆపి, నెమ్మదిగా నడవండి. కరిస్తే గాయాన్ని సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో టీకా వేయించుకోవాలి.

ఎండాకాలంలో ఏడు గంటల లోపే ముగించెయ్యండి. కోస్తాలో ఎండ లేకపోయినా ఉక్కపోత ఉంటుంది. గాల్లో తేమకు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అలాంటి రోజుల్లో వేగం, సమయం రెండూ తగ్గించుకోవాలి. జ్వరం ఉన్నప్పుడు పరుగు అసలే వద్దు.

మధుమేహం ఉన్నవారికి నాలుగు మాటలు

ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వేసుకునేవారు పరుగెత్తేటప్పుడు గ్లూకోజు బాగా పడిపోవచ్చు. ముందు గ్లూకోమీటరుతో చూసుకోండి. 100 కన్నా తక్కువుంటే ఒక అరటిపండో, రెండు బిస్కెట్లో తిని కాసేపాగి బయల్దేరండి. 250 దాటి, ఒంట్లో నలతగా ఉంటే ఆ రోజు పరుగు మానెయ్యండి. జేబులో ఎప్పుడూ గ్లూకోజు పొడో, పంచదారో ఉండాలి. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు బైర్లు కమ్మితే వెంటనే ఆగి మూడు చెంచాల పంచదార తినాలి.

పాదాల్లో తిమ్మిర్లు, స్పర్శ తగ్గటం ఉంటే బూటులోని చిన్న రాయి కూడా పుండు చేసి పెడుతుంది. తొడుక్కునేముందు బూటు దులపండి, ఇంటికొచ్చాక అరికాళ్లు చూసుకోండి. కంటి రెటీనా బాగా దెబ్బతిన్నవారు కళ్ల డాక్టరు అనుమతి లేకుండా పరుగెత్తకూడదు. బీపీకి మెటొప్రొలాల్ వంటి మందులు వాడేవారిలో నాడి వేగం పెద్దగా పెరగదు కాబట్టి వాచీలోని అంకెల కన్నా 'మాట పరీక్ష'నే నమ్ముకోవాలి.

పరుగులో ఛాతీలో బిగింత, దవడకూ చేతికీ పాకే నొప్పి, ఉన్నట్టుండి చల్లటి చెమటలు, కళ్లు తిరగటం, గుండె లయ తప్పినట్టు కొట్టుకోవటం- వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆగండి. విశ్రాంతితో సర్దుకున్నా ఆ రోజే డాక్టరును కలవండి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. 'గ్యాస్ నొప్పే' అనుకుని ఇంటికెళ్లి సోడా తాగుతూ గడిపే ప్రతి నిమిషం గుండె కండరాన్ని నష్టపరుస్తుంది.

పరుగు తర్వాత మిగిలే రోజు

70 కిలోల మనిషి మూడు కిలోమీటర్లు పరుగెత్తితే ఖర్చయ్యేది సుమారు 210 క్యాలరీలు. దారిలో ఒక పెద్ద సమోసా తింటే దాదాపు అంతా తిరిగొచ్చేస్తుంది. బరువు తగ్గటం వంటింట్లో మొదలవుతుందనేది ఇందుకే.

మన పళ్లెం చూడండి. పొద్దున ఇడ్లీ, దోశ, ఉప్మా. మధ్యాహ్నం అన్నం. సాయంత్రం అటుకులో, బిస్కెట్లో. రాత్రి మళ్లీ అన్నమో, చపాతీయో. అన్నీ ధాన్యాలే! కూర నంజుకోవటానికి మాత్రమే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. 2,000 క్యాలరీల ఆహారంలో ధాన్యాలు 250 గ్రాములైతే, కూరగాయలు 400 గ్రాములు, పప్పులు, గుడ్లు, మాంసం వంటివి కలిపి 85 గ్రాములు ఉండాలి. ఇవన్నీ వండకముందు తూకాలు.

దీన్ని పాటించటానికి తక్కెడ పెట్టుకోనక్కర్లేదు. పళ్లెంలో ముందు కూర, పప్పు వడ్డించుకోండి. అన్నం తర్వాత. సగం పళ్లెం కూరలూ ఆకుకూరలతో నిండాలి. పొద్దున ఇడ్లీలు రెండు తగ్గించి ఒక గుడ్డో, గుప్పెడు ఉడికించిన శనగలో చేర్చండి. పెసరట్టు మంచి టిఫినే, ఉప్మా జోడించకుండా తింటే! కాఫీ, టీల్లో పంచదార వారానికి అరచెంచా చొప్పున తగ్గించుకుంటూ వస్తే నెలకు నాలుక సర్దుకుపోతుంది.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచాలోపే ఉండాలి. మన ఉప్పంతా కూరలో లేదు. ఆవకాయలో, అప్పడంలో, వడియాల్లో, ఊరమిరపకాయల్లో, పెరుగన్నంలో పైన చల్లుకునే చిటికెడులో ఉంది. ఆవకాయను ఇంట్లోంచి తరిమెయ్యమని ఏ తెలుగు డాక్టరూ చెప్పలేడు. కానీ అది రోజూ వేసుకునేది కాకుండా వారానికి రెండుసార్లు వచ్చే చుట్టమైతే చాలు. బల్ల మీద ఉప్పు డబ్బా తీసెయ్యండి.

పొద్దున పరుగెత్తి, తర్వాత తొమ్మిది గంటలు కంప్యూటరు ముందు కదలకుండా కూర్చుంటే లండన్ డ్రైవర్ల పరిస్థితికి చాలా దూరమేమీ వెళ్లినట్టు కాదు. ప్రతి అరగంటకోసారి లేచి రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ తిరగండి. ఫోను వస్తే నడుస్తూ మాట్లాడండి. రాత్రి భోజనం వీలైతే ఎనిమిది లోపు ముగించి, ఇంటిల్లిపాదీ పదిహేను నిమిషాలు నడవండి. భోజనం తర్వాత పెరిగే గ్లూకోజును ఈ చిన్న నడక బాగా తగ్గిస్తుంది. రాత్రి పదకొండున్నర దాకా ఫోను చూసి, నాలుగున్నరకు లేచి పరుగెత్తటం ఆరోగ్యం కాదు. ఏడు గంటల నిద్ర పోయాకే పరుగు. పొగ, గుట్కా మానకుండా ఎంత పరుగెత్తినా రక్తనాళాలకు రక్షణ దక్కదు.

అమ్మ ఎప్పుడు పరుగెత్తాలి?

ఇన్ని చెప్పాక ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఇంట్లో ఊపిరి సలపని పని ఉండేది ఎవరికి? టిఫిను, లంచ్ బాక్సులు, పిల్లల బస్సు.. అయ్యగారు పార్కుకు వెళ్లొచ్చేసరికి అమ్మ వంటింట్లోనే ఉంటుంది. అందరూ తిన్నాక మిగిలింది తింటుంది. 'ఇంటి పనే నాకు వ్యాయామం' అంటుంది. ఇంటి పనిలో కదలిక ఉన్నమాట నిజమే. కానీ అందులో చాలావరకూ ఆయాసం వచ్చేంత శ్రమ కాదు, నిలబడి చేసే అలసట. దానితో గుండెకు దక్కేది కొంతే.

ముట్లుడిగాక ఆడవారికి గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది, ఎముకలు పలచబడతాయి. నడక, నెమ్మది పరుగు, కండరాల వ్యాయామాలు ఈ రెంటికీ ఉపకరిస్తాయి. కాన్పుల తర్వాత కొందరికి పరుగెత్తినా, తుమ్మినా మూత్రం చుక్కలుగా పడుతుంది. సిగ్గుతో పరుగు మానెయ్యక్కర్లేదు. కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాలతో చాలామందికి తగ్గుతుంది. గైనకాలజిస్టును అడగండి.

కాబట్టి వారానికి మూడు ఉదయాలు వంటింటి బాధ్యత మరొకరు తీసుకోవాలి. ఇది సాయం కాదు, చికిత్సలో భాగం. ఒంటరిగా వెళ్లటానికి ఇబ్బందిగా ఉంటే ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు ఆడవాళ్లు కలిసి వెళ్లండి. మాట్లాడుకుంటూ పరుగెత్తితే వేగం సరిగ్గా ఉన్నట్టే!

మాత్రలు మానెయ్యొచ్చా?

పరుగు మొదలెట్టిన మూడు నెలలకు బీపీ 126/80 కనిపిస్తుంది. షుగర్ దిగుతుంది. 'ఇంక నాకు జబ్బు లేదు' అనుకుని డాక్టరుకు చెప్పకుండా మాత్రలు ఆపేస్తారు. ప్రమాదం ఇక్కడే ఉంది. ఆ మంచి అంకె చాలాసార్లు పరుగూ, మాత్రా కలిసి తెచ్చినది. మాత్ర ఆపితే బీపీ చప్పుడు చేయకుండా మళ్లీ పెరుగుతుంది. దానికి నొప్పి ఉండదు, తలతిరుగుడూ ఉండాలనేమీ లేదు. కొందరిలో మొదటి సంకేతమే పక్షవాతం. మాటపడిపోయి, చేయి పడిపోయి మా వార్డుకు వచ్చేవారి బంధువుల్ని అడిగితే, 'బాగానే ఉన్నాడని రెండు నెలలుగా మాత్ర వేసుకోవటం లేదండీ' అనే జవాబు తరచూ వస్తుంది.

అలాగని మాత్రలు తగ్గవని కాదు. నడుం తగ్గి, బరువు తగ్గి, వ్యాయామం నిలకడగా సాగుతుంటే మోతాదు తగ్గించే అవకాశం చాలామందికి ఉంటుంది. కొందరికి పూర్తిగా ఆపటమూ సాధ్యమే. ఇంట్లో వారానికి రెండుసార్లు బీపీ చూసి రాసుకోండి. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ చేయించండి. ఆ కాగితాలు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏది తగ్గించాలో, ఎప్పుడు తగ్గించాలో నిర్ణయించాల్సింది ఆ అంకెలు చూసిన డాక్టరే.

ఆరోగ్యం కోసం ఈ ఏడాదే 42 కిలోమీటర్లు పరుగెత్తక్కర్లేదు. అరవై ఏళ్ల వయసులో మనవడి వెనక పరుగెత్తగలిగితే చాలు. అందుకోసం ఈ వారం చేయాల్సినవి మూడు. టేపుతో నడుం కొలుచుకోవటం, బీపీ, షుగర్ చూపించుకోవటం, రోజూ అరగంట నడవటం. పరుగు మూడో వారం నుంచి చూసుకుందాం, తొందరేం లేదు.